కాజాలు కుట్టిందెవరు

కోట్లు కుట్టే వర్క్‌షాపు, మూడో అంతస్తు
ఆదివారం

అక్కా,

వారానికి రెండుసార్లు బస్సు తోలుకొచ్చి మా వీధి చివర పావుగంట ఆపే డ్రైవరు నీకు మొగుడై ఉండగా నాకు పోస్టాఫీసుతో పనేముంది! క్షేమసమాచారాలు బావ నోటితో చెప్తాడు. కాగితం మీద అసలు సంగతే రాస్తాను.

మన వర్క్‌షాపుకి ఇటలీ నుంచి ఒక మాస్టరు వచ్చాడు. నువ్వు మానేసి ఆరేళ్ళయినా నేను 'మన' అనే అంటాను. అరవై దాటిన మనిషి. మెడలో టేపు, ముక్కు మీద ఒక కళ్ళజోడు, నుదుటి మీద ఇంకోటి. ఆరు నెలలుంటాడట. వెళ్ళేటప్పుడు మాలో ఒకరిని వెంట తీసుకెళ్ళి, రెండేళ్ళు తన షాపులో కూర్చోబెట్టి, చేత్తో కోటు కుట్టే విద్య మొత్తం నేర్పిస్తాడట. ఒక్కరినే. ఓనరు ఆ మాట చెప్పగానే పద్నాలుగు మిషన్లూ ఒక్కసారి ఆగిపోయాయి.

ఓనరుకి ఆయన భాష కాస్త వచ్చు. మాకు ముక్క రాదు. అందుకని రోజూ పొద్దున్నే ఇస్త్రీ పెట్టెలు వేడెక్కేలోపు మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒకే ఒక్క క్రియ వల్లె వేయిస్తున్నాడు. ఫారె. అంటే చెయ్యడం. ఇదొక్కటి వస్తే వర్క్‌షాపులో సగం రోజు గడిచిపోతుందని ఆయన లెక్క. నేను చేస్తాను అంటే ఫాచ్చొ. నువ్వు చేస్తావు, ఫాయ్. ఆయన గాని ఆవిడ గాని అయితే ఫా. మనం అయితే ఫచ్చామొ, మీరు ఫాతె, వాళ్ళు ఫాన్నొ. తక్కిన క్రియలు చాలావరకు బుద్ధిగా ఒక దారిన నడుస్తాయట. ఇది మాత్రం కొత్తల్లుడి టైపు, దానిష్టం దానిది. ఒకచోట చ్చ అని ఒత్తుతుంది, ఇంకోచోట ఫా అని ఊరుకుంటుంది. అయినా అందరూ దాన్నే నెత్తిన పెట్టుకుంటారు. చలేస్తోంది అనాలన్నా వాళ్ళకి చలి 'చేస్తోంది', ఫా ఫ్రెద్దొ. ప్రశ్న వేయరు, చేస్తారు. నటించడం కూడా చెయ్యడమే, ఫారె ఫీంత. పొట్టి కాలర్లు గుర్తున్నాడుగా, కాలరు వేస్తే నేనే వెయ్యాలి అని విర్రవీగే మనిషి, ఆయన ఫచ్చామొ అనబోయి నాలుక కరుచుకున్నాడు. నాకు మూడు రోజుల్లో నోటికి వచ్చేసింది.

నాకు వెళ్ళాలని ఉందక్కా. ఇంత గట్టిగా దేన్నీ కోరుకోలేదు నేను. నువ్వు ఒకసారి బావ బస్సెక్కి రారాదూ? మాస్టరు చెయ్యి ఎలా ఆడుతుందో చూద్దువుగాని.

నీ సూది


డ్రైక్లీనింగ్ షాపు, వెనక గది
గురువారం

సూదికి,

చాలా సంతోషం. ఈ మాట మొదటిసారి రాసి కొట్టేశాను, అక్షరాలు వంకరగా వచ్చాయని. రెండోసారీ అలాగే వచ్చాయి. ఎడమచేతి రాత ఇంతే, ఉండనీ.

ఇవాళ పదకొండు ప్యాంట్ల అంచులు మడిచాను. పొడుగువి పొట్టి చెయ్యడం, బిగువువి వదులు చెయ్యడం, ఇదీ ఆరేళ్ళుగా నా విద్య. ఎప్పుడైనా కోటంటూ వస్తే లోపలి గుడ్డ చిరిగి వస్తుంది. నీ ఉత్తరం మిషను మీద పెట్టుకుని అంచులు మడుస్తూ ఆ క్రియ చదివాను. నీకు మూడు రోజులు పట్టిందన్నావు. నాకు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పట్టింది. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట. భోజనం దగ్గర మీ బావ "నువ్వు చేస్తావు అనడానికి ఏమంటారే?" అన్నాడు. ఫాయ్ అన్నాను. "అయితే ఆ గిన్నెలు ఫాయ్" అన్నాడు. చేతిలో ఉన్నది కొత్త గిన్నె కాబట్టి బతికిపోయాడు.

సూదిలోకి దారం ఎక్కించలేక నువ్వు ఏడుస్తుంటే నేర్పిందెవరే? నువ్వు కుడిచేతి దానివి, నేను ఎడమచేతి దాన్ని. పక్కన కూర్చోబెట్టుకుంటే నీకు అర్థం కావడం లేదని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. అద్దంలో చూసుకున్నట్టు నన్ను చూసి నేర్చుకున్నావు. ఇవాళ నీకు ఇటలీ మాస్టరు కావలసి వచ్చాడు. కావాలి మరి, నేనేమన్నా కాదన్నానా? ఆ మహానుభావుడు ఆరేళ్ళ ముందు వచ్చి చావకూడదూ!

రమ్మన్నావు. రాను. ఆ మెట్లెక్కితే ఏమవుతుందో నాకు తెలుసు, నీ చేతిలో సూది లాక్కుంటాను. పదిమందిలో నీకెందుకు ఆ తలవంపులు.

అయిపోయిన పనికి ఏమంటారో రాయి. ఎంతసేపూ చేస్తాను, చేస్తావేనా?

అక్క


వర్క్‌షాపు, కిటికీ పక్క బల్ల
ఆదివారం

అక్కా,

నెలన్నరైంది రాసి. నీకు కోపం వచ్చే ఉంటుంది. నీకు కోపం రాకపోతేనే నాకు భయం.

నువ్వడిగింది ముందు. అయిపోయిన పనికి ఫాత్తొ అంటారు. దాని ముందు ఇంకో చిన్న ముక్క తగిలించాలి. నేను చేశాను అంటే ఒ ఫాత్తొ. ఆయనో ఆవిడో చేస్తే ఆ ఫాత్తొ. ఎవరు చేశారు అని అడగాలంటే కి ఆ ఫాత్తొ. ఈ చివరిది రోజుకి ఇరవైసార్లు వింటున్నాం. మాస్టరు బల్లల మధ్య తిరుగుతూ ఏదో ఒక కోటు ఎత్తి పట్టుకుని "కి ఆ ఫాత్తొ?" అంటాడు. పని బాగుంటే చేసినవాళ్ళు ఈయొ అని చెయ్యెత్తుతారు. ఈయొ అంటే నేను. బాగోకపోతే అందరం ఇస్త్రీ పెట్టెల్లోకి చూస్తాం.

పద్నాలుగు మందిలో ముగ్గురం మిగిలాం. పొట్టి కాలర్లు, లైనింగు వేసే పెద్దావిడ, నేను. తలా ఒక కోటుకి సరిపడా గుడ్డ ఇచ్చాడు. కత్తిరింపు నుంచి గుండీల దాకా ఎవరిది వాళ్ళే కుట్టాలి. చేతిపని గదికి తీసుకెళ్ళి కుట్టుకోవచ్చు, అది మన దగ్గర ఎప్పుడూ ఉన్నదే.

భుజాలు బాగా వచ్చాయి. జేబులు కుదిరాయి. గుండీలు పట్టే కాజాల దగ్గరికి వచ్చి ఆగిపోయాను. నా కాజాలు నీకు తెలుసు. కత్తెర పెట్టేదాకా ధైర్యంగానే ఉంటుంది, గుడ్డ తెగాక ముడులు ఎగుడుదిగుడవుతాయి. తెగిన గుడ్డని మళ్ళీ అతికించలేం కదా. ముందు మూడు, కాలరు మడత మీద ఒకటి, నాలుగే నాలుగు. కోటు సంచిలో పెట్టి బావ చేతికిచ్చాను. లోపలేముందో ఆయనకి చెప్పకు. ఆయన ఓనరుతో కలిసి టీ తాగుతాడు, నోట్లో నువ్వుగింజ నానదు.

ఇంతకాలం నిన్నేమీ అడగలేదని అనను. చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. ఇదొక్కటి కూడా ఆ లెక్కలో వేసుకో.

నీ సూది


డ్రైక్లీనింగ్ షాపు, వెనక గది
సోమవారం

సూదీ,

సంచి పంపుతున్నాను. ఏంటది అని మీ బావ అడిగితే పాత దుప్పటి అన్నాను.

మూడు రోజులు దాన్ని బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను, ముట్టుకోలేదు. ఎంత మంచి గుడ్డే! నాలుగోరోజు షాపుకి రానని చెప్పేశాను. తలుపు గడియ పెట్టి, పట్టుదారానికి మైనం రాసి, వేలికి చుట్టుకుంటే ఏడుపొచ్చింది. నీ దగ్గర సిగ్గేం. ఒక్కో కాజాకి గంటన్నర పట్టింది. ముడి పక్కన ముడి, ముడి పక్కన ముడి, ఎక్కడా దారం కనబడదు, ముడులే కనబడతాయి. వేలుపెట్టి తడిమి చూడు. ఆరేళ్ళు ప్యాంట్ల అంచులు మడిచినా చెయ్యి నన్ను మరిచిపోలేదు.

నీ భుజాలు బాగున్నాయి. నిజంగానే బాగున్నాయి, అది చూసి కాసేపు నాకు పని సాగలేదు. కుడి జేబు మూత మాత్రం ఒక దారప్పోగంత వంకర. నేనైతే విప్పేసేదాన్ని.

ఆయన నా కాజాలు చూసి కి ఆ ఫాత్తొ అని అడగకుండా ఉండడు. అప్పుడు "మా అక్క చేసింది" అని చెప్పు. ఆ మాట ఎలా అనాలో ఓనరుని అడిగి నేర్చుకో. చెప్తే నీకు పోయేదేం లేదు, తక్కిన కోటంతా నీదే కదా. నాకు సీటు వద్దు, ఇంకేదీ వద్దు. ఆ గదిలో ఒక్కసారి నా ఊసు రావాలి. అంతే. ఏమన్నాడో, మొహం ఎలా పెట్టాడో, ఒక్క అక్షరం వదలకుండా రాయి. ఎదురుచూస్తుంటాను.

అక్క


వర్క్‌షాపు
బుధవారం

అక్కా,

కోటు నచ్చింది. కాజాలు కూడా నచ్చాయి. కళ్ళజోడు మార్చుకుని మరీ చూశాడు.

పని బాగా ఎక్కువగా ఉంది, అందుకే పొడుగ్గా రాయడం లేదు. లైనింగు పెద్దావిడ తప్పుకుంది. ఇక నేనూ, పొట్టి కాలర్లూ. ఫారెతో ఇంకోటి నేర్చుకున్నాను, ఫా మాలె. నొప్పెడుతోంది అనడానికి. మెడ ఫా మాలె, వేళ్ళు ఫా మాలె. నీకు పనికొస్తుందని రాశాను.

బావ హారన్ కొడుతున్నాడు. ఉంటాను.

సూది


డ్రైక్లీనింగ్ షాపు
శుక్రవారం

చెల్లెలికి,

నచ్చిందని రాశావు. కాజాలు ఎవరివని చెప్పావో రాయలేదు.

నేను అడిగింది ఒకే ఒక్క మాట. ఆయన అడిగాడా, నువ్వేం చెప్పావు? దాని మీద ఒక్క అక్షరం లేదు గాని, మెడ నొప్పికి ఇటలీలో ఏమంటారో నాకు నేర్పుతున్నావు. "సూదిని చూశావా, ఎలా ఉంది?" అని మీ బావని అడిగాను. "తేలు కుట్టిన దొంగలా ఉంది" అన్నాడు. ఆయనకి ఏమీ తెలీదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడంతే.

వారం రోజులుగా ఆ గదిని ఊహించుకుంటున్నాను. ఆయన కోటు ఎత్తి పట్టుకున్నట్టు, నువ్వు నోరు తెరిచినట్టు. నువ్వు తెరిచిన ప్రతిసారీ ఒక్కో మాట వస్తోంది. ఒకసారి మా అక్క అంటావు. అప్పుడు నాకు అన్నం సయిస్తుంది. ఇంకోసారి ఇంకో మాట అంటావు. అప్పుడు కంచం ముందు నుంచి లేచిపోతాను. నిన్న ఒకాయన ప్యాంటు రెండు అంగుళాలు పొట్టి చేసి పడేశాను. ఆయన తొడుక్కుని చూసుకుని, "అమ్మా, ఇది మా అబ్బాయిది కాదు, నాది" అన్నాడు.

నాకు కుళ్ళే. చెప్పేస్తున్నాను. నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చుంటావంటే కుళ్ళు, ఆ మాస్టరు చెయ్యి చూస్తావంటే కుళ్ళు. ఆ కుళ్ళు పెట్టుకునే గంటన్నరకొకటి చొప్పున నాలుగు కాజాలు కుట్టాను. దానికి నాకు రావలసింది ఒక్క మాట.

చెప్పావా, లేదా?


వర్క్‌షాపు పక్క వీధి, నా గది
ఆదివారం

అక్కా,

చెప్పలేదు. ఈ ఒక్క మాట రాయడానికి రెండున్నర నెలలు పట్టింది.

ఆయన నా కోటు ఎత్తి పట్టుకున్నాడు. వేలితో పై కాజా తడిమాడు. తడుముతూ అలాగే ఉండిపోయాడు. తర్వాత కళ్ళజోడు మార్చి "కి ఆ ఫాత్తొ?" అన్నాడు. మీయ సొరెల్ల, అదీ ఆ మాట, మా అక్క అని. ఓనరుని అడిగి నేర్చుకున్నాను, దారంతా వల్లె వేసుకుంటూ వచ్చాను. నోరు తెరిస్తే "ఈయొ" అని వచ్చింది. నోరు జారిందని అబద్ధం చెప్పను. అనాలనే అన్నాను.

ఎందుకో కూడా విను. నీకొక్కదానికే కుళ్ళు ఉంటుందనుకుంటున్నావా? నేను ఇక్కడ చేరిన రోజు నుంచి నా పేరు 'ఆవిడ చెల్లెలు'. నేను కాజా కుడితే పొట్టి కాలర్లు దాన్ని వెలుతురులో పట్టుకుని "మీ అక్క చెయ్యి రాలేదమ్మా నీకు" అంటాడు. నువ్వు మానేసి వెళ్ళినా నీ చెయ్యి ఇక్కడే కూర్చుని ఉంది. నీ పెళ్ళికి నేను ఎంత ఏడ్చానో అందరికీ తెలుసు. బస్సు మలుపు తిరిగాక నాకు ఎంత హాయిగా అనిపించిందో ఎవరికీ తెలీదు. ఇక నా కాజాలు నావే అనుకున్నాను. ఆయన వేలు ఆ కాజా మీద ఉన్నంతసేపూ ఆ ఒక్కసారికి అది నాది కావాలనిపించింది. తప్పే. అక్కడితో ఆగితే బాగుండేది.

ఆగలేదు. ఇప్పుడు ఆఖరి కోటు ఇచ్చాడు. తను ఇటలీ నుంచి తెచ్చుకున్న సొంత గుడ్డ. పొట్టి కాలర్లుకి ఒకటి, నాకొకటి. కుట్టుపని అయిపోయింది, కాజాలే మిగిలాయి. ఈ మధ్య ఆయన నేను కుడుతుంటే పక్కన నిలబడి నా చేతి వంకే చూస్తున్నాడు. ఎందుకో తెలీదు. ఇప్పుడు నా కాజాలు పెడితే మొదటి కోటువి ఎవరివని అడుగుతాడు.

కోటు బావ చేతికిచ్చాను. పది రోజులు గడువుంది. ఎంత సిగ్గులేని దాన్నో నాకు తెలుసు. తిట్టు, కుట్టు. రెండూ నీకు వచ్చు.

సూది


డ్రైక్లీనింగ్ షాపు
మంగళవారం

ఏమ్మా,

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళని చూశాను. చెట్టు పేరు దాచిపెట్టి అమ్ముకున్నదానివి నువ్వొక్కదానివే.

నీ ఉత్తరం చదివాక కోటు బల్ల మీద పరిచాను. మగవాళ్ళ కోటుకి కాజాలు ఎడమవైపు ఉండాలి. సుద్దముక్కతో కుడివైపు గీశాను. అక్కడ కోసేస్తే ఆ కోటు ఇక దేనికీ పనికిరాదు, నువ్వూ అంతే. కత్తెర పెట్టాను. ఎంతసేపు పెట్టి ఉంచానో తెలీదు. మనిషి మీద కోపం గుడ్డ మీద చూపించడం చేతకాలేదు. గీతలు దులిపేశాను.

ఇదిగో, ఎడమవైపే కుట్టాను. పైన ఒక్కటే. నా బతుకులో ఇంతకన్నా మంచిది నేను కుట్టలేదు. కింద మూడింటికి గుర్తులు పెట్టి వదిలేశాను. అవి నువ్వే కుట్టు. నా ముడులు ఒక వైపు వాలతాయి, కుడిచేతి దానివి కాబట్టి నీవి ఇంకోవైపు వాలతాయి. అందరికీ అది కనబడదు. కళ్ళజోడు మార్చుకుని మరీ చూసేవాడికి కనబడుతుంది. ఒకే కోటు మీద, ఒకదాని కింద ఒకటి పెట్టుకుని చూసుకోమను. కి ఆ ఫాత్తొ అని అప్పుడు అడగమను.

ఇంక నాకు రాయకు.


నా గది
ఆదివారం

అక్కా,

రాయొద్దన్నావు. ఇది చదివి చింపెయ్యి.

సంచి విప్పి చూసుకోగానే నిన్ను ఎన్ని తిట్లు తిట్టానో! నీ కాజా విప్పేద్దామా అనుకున్నాను, గుడ్డ పీచు లేస్తుంది. పోనీ నీలా కుడదామని రెండు రోజులు పనికిరాని గుడ్డ మీద ఎడమచేత్తో ప్రయత్నించాను. వేళ్ళకి కట్లు కట్టుకోవడం తప్ప ఏమీ మిగల్లేదు. మూడోరోజు నాకు విసుగొచ్చింది. ఏదైతే అదైంది, సీటు పోతే పోయిందని కుడిచేత్తోనే మొదలుపెట్టాను. నీదాన్ని ఎదురుగా పెట్టుకుని, దాన్నే చూస్తూ కుట్టాను. కిందవి మూడూ నావే.

నిన్న అందరి ముందూ రెండు కోట్లూ తగిలించాడు. ముందు పొట్టి కాలర్లుది చూశాడు, తల ఊపాడు. నాది తీసి ఎడమ అంచు తిరగేశాడు. కళ్ళజోడు మార్చాడు. నా కుడిచెయ్యి పట్టుకుని తెచ్చి పై కాజా పక్కన పెట్టాడు. "కి ఆ ఫాత్తొ?"

"మీయ సొరెల్ల" అన్నాను. కింద మూడూ చూపించి "ఈయొ" అన్నాను. మొదటి కోటు అక్కడే తగిలించి ఉంది. దాని దగ్గరికి వెళ్ళి నాలుగూ చూపించి "మీయ సొరెల్ల, మీయ సొరెల్ల" అంటూ ఏడ్చేశాను. వర్క్‌షాపులో ఒక్క మిషను కదిలితే ఒట్టు. పొట్టి కాలర్లు మాత్రం "నేనప్పుడే అనుకున్నాను" అన్నాడు.

మాస్టరు "నొన్ ఫా నియెంతె" అన్నాడు. ఏం ఫరవాలేదు అని. అక్కడా ఫారెయే. తర్వాత చాలాసేపు ఓనరుతో మాట్లాడాడు. ఓనరు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఈసారి ఒక్క అక్షరం దాచను. మొదటి కోటు తడిమినప్పుడే అది ఎడమచేతి పని అని ఆయనకి తెలుసట. నేను ఎప్పుడు చెప్తానా అని మూడు నెలలు నా చెయ్యి చూస్తూ ఆగాడట. చెప్పకపోతే పొట్టి కాలర్లునే తీసుకెళ్దామనుకున్నాడట. తర్వాత పై కాజా మీద వేలు పెట్టి, "దీన్ని కుట్టిన చేతికి నేను నేర్పేది ఏమీ లేదు. నాకే నేర్పగలదు" అన్నాడు. నా మూడూ చూపించి, "ఇవి బాగాలేవు. కాని రెండోది మొదటిదానికన్నా నయం, మూడోది రెండోదానికన్నా నయం. పక్కన మంచి పని ఉంటే ఈ అమ్మాయి చూసి నేర్చుకుంటుంది. కాలర్లాయన పన్నెండేళ్ళుగా ఒకే కాలరు వేస్తున్నాడు. నేను వచ్చింది నేర్చుకునేవాళ్ళ కోసం" అన్నాడు.

వచ్చే బుధవారం కాక పైవారం బుధవారం ప్రయాణం. నేనే అక్కా.

నన్ను బయటపెట్టాలని నువ్వు ఆ ఒక్కటి కుట్టావు. నువ్వది కుట్టకపోతే నాకు సీటు లేదు. ఇది నీకు ఎలా చెప్పాలో తెలీక నాలుగు కాగితాలు చింపాను. నాకు గెలిచినట్టు కూడా లేదు. అంతా అయ్యాక ఆయన ఆ కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని నీ కాజానే నిమురుతున్నాడు, నా మూడింటి జోలికి రాలేదు. అది చూసి నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది.

నీ చెల్లి


ఇల్లు
గురువారం

ఒసేయ్ సూదీ,

మీ బావ బస్సు దిగకముందే కిటికీలోంచి నీ ఉత్తరం లాక్కుని డిపోలో అందరి ముందూ నిలబడి చదివాను. చింపలేదు.

నాకు నేర్పేది ఏమీ లేదట! అంత మంచి మాట నన్నెవరూ ఇంతవరకు అనలేదు, అంత పాడు మాటా అనలేదు. తక్కువ వచ్చినదానికి ఇటలీ, ఎక్కువ వచ్చినదానికి డ్రైక్లీనింగ్ షాపు వెనక గది. నిన్ను కిందికి లాగుదామని నా చేతులారా తాడు కట్టి లాగాను, నువ్వేమో పైకి వెళ్ళి కూర్చున్నావు. నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేశాను. టిక్కెట్లు కొట్టే ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

కుళ్ళు తగ్గిందా అంటావేమో. తగ్గలేదు. నువ్వు వెళ్ళినంత కాలం ఉంటుంది, నువ్వు తిరిగొచ్చి మంచి కాజా కుట్టి చూపించిన రోజున ఇంకా పెరుగుతుంది. దాచుకునే ఓపిక లేదు నాకు. నా పెళ్ళి బస్సు మలుపు తిరిగాక హాయిగా అనిపించిందని రాశావు చూడు, ఆ వాక్యం పదిసార్లు చదివాను. చదివినప్పుడల్లా నీ చెంప పగలగొట్టాలనిపించింది. నిజం చెప్పింది కదా అని కూడా అనిపించింది.

ఇంటికొచ్చి మీ బావతో పోట్లాట పెట్టుకున్నాను. "నీ కోసం ఆ పని మానేశాను, నా బతుకు ప్యాంట్ల పాలైంది" అన్నాను. ఆయన చెప్పులు విప్పుకుంటూ, "నేను మానెయ్యమన్నానా? వారానికి రెండుసార్లు ఆ ఊరు వెళ్ళొస్తున్నాను. ఎక్కుతావా అని అడిగితే నువ్వే కదా నన్ను తిట్టిపోశావు? ఆ మెట్లెక్కనని నీకు నువ్వే ఒట్టేసుకుని కూర్చున్నావు" అన్నాడు. ఆ మనిషికి వంట రాదు గాని, ఒక్కోసారి మాట బాగా వస్తుంది.

అందుకని ఇది ఓనరుకి చెప్పు. నువ్వు వెళ్తే నీ కుర్చీ ఖాళీ అవుతుంది కదా, దాన్ని ఎవరికీ ఇవ్వొద్దను. నీ గది కూడా ఎవరికీ ఇవ్వొద్దని ఇంటావిడకి చెప్పు. వారంలో నాలుగు రోజులు అక్కడుంటాను, తక్కినవి మీ బావ బస్సులో వచ్చి పోతాను. ఇక్కడ షాపులో చెప్పేశాను. చివరి ప్యాంటు ఇందాకే మడిచాను, సరిగ్గానే మడిచాను.

నువ్వూ మాస్టరూ బుధవారం కదా బయల్దేరేది. నేను సోమవారం పొద్దున్నే వస్తున్నాను. తనకే నేర్పగలదన్నాడుగా, అయితే ఆ రెండు రోజులూ కుర్చీ వేసుకుని నా ఎదురుగా కూర్చోమను. ఎడమచేతి పని ఎదురుగా కూర్చుంటేనే తెలుస్తుంది. పొట్టి కాలర్లుని కూడా చూడమను.

నువ్వు నా పక్కన కూర్చోవచ్చు. ఆ రెండు రోజులూ నీతో మాట్లాడతానని మాత్రం అనుకోకు.

అక్క